ఛాతీలోతు నీళ్ళలో మోకాళ్ళ కసరత్తు

మా రిక్రియేషన్ సెంటర్‌లో రెండు పూల్స్ ఉన్నాయి. పెద్దది ఈతగాళ్ళది. అందులో నీళ్ళు 80 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 27 సెల్సియస్‌కి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. పక్కనున్న చిన్నది మాది. అందులో 86 ఫారెన్‌హీట్, అంటే 30 సెల్సియస్. ఆ మూడు డిగ్రీల కోసం నేను సెంటర్ వాళ్ళతో పెట్టుకున్నన్ని పేచీలు మా ఇంట్లో కూడా పెట్టుకోలేదు. గాలి 27 డిగ్రీలుంటే హాయి. అదే 27 డిగ్రీల నీళ్ళలో మెల్లగా కదిలే మనిషికి కాసేపట్లోనే భుజాలు చెవుల దాకా ముడుచుకుంటాయి. ఒంట్లో వేడిని నీరు గాలికంటే దాదాపు పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది మరి. ఈతగాడు ఆపకుండా కాళ్ళూ చేతులూ ఆడిస్తాడు కాబట్టి అతనికి ఆ చల్లదనమే కావాలి. కీళ్ళు పట్టేసిన మనిషి ముడుచుకుపోతే నేను చెప్పేది ఏదీ చెయ్యలేదు. అందుకే కీళ్ళ నొప్పులవాళ్ళ క్లాసుకి అమెరికాలోని ఆర్థ్రైటిస్ ఫౌండేషన్ 83 నుంచి 88 ఫారెన్‌హీట్ దాకా, అంటే 28 నుంచి 31 సెల్సియస్ మధ్య ఉండాలని చెబుతుంది.

మాది తెనాలి. డాలస్ శివార్లలో స్థిరపడి చాలా కాలమైంది. డాక్టర్ని కాను, ఫిజియోథెరపిస్టునీ కాను. కీళ్ళూ కండరాల బాధలున్న పెద్దవాళ్ళ చేత నీళ్ళలో వ్యాయామం చేయించడానికి ఇక్కడ ఒక శిక్షణ ఉంది, సర్టిఫికెట్ ఉంది. అది పుచ్చుకుని పొద్దున పూట క్లాసు చెప్పే మనిషిని, అంతే. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ముప్పావు వంతు మోకాళ్ళు, తుంటి అరిగినవాళ్ళు. మిగతావాళ్ళలో కీళ్ళవాతంతో వేళ్ళు వంకర తిరిగినవాళ్ళున్నారు, ఒళ్ళంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా వాళ్ళున్నారు, మోకాలు మార్పించుకోవడానికి తేదీ కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు, మార్పించుకుని కుట్లు పూర్తిగా మానాక డాక్టరు సరేనంటే వచ్చినవాళ్ళున్నారు. రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన, ఆరడుగుల పైన ఉంటాడు. కొరియా అమ్మమ్మ ఒకావిడ. ఆ మధ్య కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చిన విజయవాడ పిన్నిగారు కూడా. ఆవిడ నాకు చుట్టమేం కాదు. వచ్చిన రోజే "అమ్మాయ్" అని పిలిచింది కాబట్టి పిన్నిగారైంది.

కొత్తవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, ఈత రావాలా అని. రానక్కర్లేదు. తల కూడా తడవదు. మా పూల్ ఒక చివర మూడున్నర అడుగులు, ఇంకో చివర నాలుగున్నర. కాళ్ళు నేలకు ఆనే ఉంటాయి. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలన్నదే నా మొదటి పని. దానికో లెక్క ఉంది. నడుము లోతు నీళ్ళలో నిలబడితే కాళ్ళ మీద పడే బరువు సగానికి తగ్గుతుంది. ఛాతీ దాకా దిగితే మూడో వంతు మిగులుతుంది. మెడ దాకా వెళితే పదో వంతే. అంటే 80 కిలోల మనిషి మెడలోతులో తన మోకాళ్ళ మీద మోసేది 8 కిలోలు. ఇదంతా ఆర్కిమిడిస్ సూత్రమే, హైస్కూల్లో చదువుకున్నదే. కానీ ఆ చదువులో మనిషి పొడుగు సంగతి లేదు. మూడున్నర అడుగుల చోట అయిదడుగుల పిన్నిగారికి నీళ్ళు ఛాతీ దాకా వస్తాయి. అక్కడే పోస్ట్‌మ్యాన్‌ని నిలబెడితే నడుము దగ్గర ఆగుతాయి. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఒకే కసరత్తు చేస్తున్నా, ఒకరి కీళ్ళ మీద పడేది మూడో వంతు బరువు, ఇంకొకరి కీళ్ళ మీద సగం. అందుకని ఆయన్ని లోతు వైపుకి తోలేస్తాను. ఆయనకి కబుర్లన్నీ ఈ చివరే ఉంటాయి, రోజూ గొణుక్కుంటూ వెళతాడు.

ఇంతవరకూ చెబితే చాలామందికి ఒక అపోహ మిగిలిపోతుంది. బరువు నీళ్ళే మోస్తున్నాయి కదా, ఇక మనం చేసేదేముంది, వెచ్చటి నీళ్ళలో కాసేపు నిలబడి వస్తే చాలనుకుంటారు. నీళ్ళు బరువు తీసేస్తాయి గానీ పని తీసెయ్యవు. నా క్లాసంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది. నీళ్ళ సాంద్రత గాలి సాంద్రతకు సుమారు ఎనిమిది వందల రెట్లు. అందులో చెయ్యి కదపాలంటే నీళ్ళను తోసుకుంటూ కదపాలి. పైగా ఈ అడ్డు వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపు చేస్తే అడ్డు నాలుగింతలవుతుంది. చల్ల చిలికిన చేతులకి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, కవ్వం మెల్లగా తిప్పితే ఊరికే తిరుగుతుంది, జోరు పెంచితే భుజం పీకుతుంది. జిమ్‌లో ఇనుప బరువు ఎంతో దాని మీద రాసి ఉంటుంది. ఇక్కడ ఎవరి బరువు వాళ్ళే, ఆ క్షణానికి ఆ క్షణం, తమ వేగంతో నిర్ణయించుకుంటారు. భుజం నొప్పిగా ఉందా, అరచేతిని కత్తిలా నిలువుగా పెట్టి నీళ్ళను కోస్తూ కదపండి. బాగుందా, అరచెయ్యి చాచి నెట్టండి. కాబట్టి క్లాసు పొడుగునా నేను సగం మందితో "మెల్లగా, మెల్లగా" అని, మిగతా సగంతో "ఊరికే ఊపకండి, తొయ్యండి" అని అరుస్తూనే ఉంటాను.

నీటి గొప్పతనం ఇంకోటి ఉంది. నేల మీద మోకాలు వంచి కూర్చున్నవాళ్ళు లేవాలంటే తొడ కండరం ఒంటి బరువంతా ఎత్తాలి. మోకాలికి కాపలా కాసేది ఆ తొడ ముందరి కండరమే. నొప్పి భయంతో కదలకపోతే అది సన్నబడుతుంది. అది సన్నబడితే కీలు మీద భారం పెరిగి నొప్పి ఇంకా పెరుగుతుంది. పెరిగిన నొప్పితో కదలిక మరీ తగ్గుతుంది. మన ఇళ్ళలో అరవై దాటిన ఆడవాళ్ళలో సగం మంది ఈ చక్రంలోనే తిరుగుతుంటారని నాకనిపిస్తుంది. ఛాతీలోతు నీళ్ళలో అదే గుంజీని మూడో వంతు బరువుతో తీయవచ్చు. తూలి పడినా దెబ్బ తగలదు. ఆ భయం పోయాక వాళ్ళు ఎంత చెయ్యగలరో చూసి వాళ్ళే ఆశ్చర్యపోతారు.

అమెరికాలో ఈ ఆలోచనకు పేరు తెచ్చింది ఒక రోగి. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి 1921లో, 39 ఏళ్ళ వయసులో, పోలియో అని చెప్పిన జబ్బుతో కాళ్ళు పడిపోయాయి. 1924 అక్టోబరులో జార్జియా రాష్ట్రంలో వార్మ్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరికి వెళ్ళాడు. అక్కడ 88 ఫారెన్‌హీట్ వేడితో ఊట నీళ్ళు పైకి వస్తాయి. నేల మీద కదలని కాళ్ళు ఆ నీళ్ళలో కదిలాయి. రెండేళ్ళకి ఆ స్థలమంతా కొనేశాడు. 1927లో పోలియో రోగుల కోసం అక్కడో సంస్థ పెట్టాడు. 1924లోనే అటు లాస్ ఏంజెలెస్‌లో ఎముకల డాక్టరు చార్లెస్ లోమన్ తన ఆసుపత్రి ఆవరణలో ఉన్న కలువల కొలనును చికిత్సకు పనికొచ్చేలా మార్పించాడు. రూజ్‌వెల్ట్ కాళ్ళు మాత్రం మామూలు కాలేదు. అమెరికా అధ్యక్షుడయ్యాక కూడా ఉక్కు పట్టీలు కట్టుకునే నిలబడ్డాడు. వార్మ్ స్ప్రింగ్స్ కథ చెప్పేటప్పుడు కొందరు ఈ చివరి మాట మింగేస్తారు. నేను మాత్రం కొత్తవాళ్ళకి అదే ముందు చెబుతాను. తర్వాత 1980ల్లో ఆర్థ్రైటిస్ ఫౌండేషన్, వై.ఎం.సి.ఎ. కలిసి ఊరూరా ఉన్న పూల్స్‌లో కీళ్ళ నొప్పులవాళ్ళ క్లాసులు మొదలుపెట్టాయి. ఆసుపత్రి గోడ దాటి ఇది మామూలు జనం దగ్గరికి వచ్చింది అలాగే.

క్లాసు ముప్పావు గంట పైన, గంట లోపల. మొదట నడక. ముందుకి, వెనక్కి, పక్కకి. వెనక్కి నడవడం చూడ్డానికి ఆటలా ఉంటుంది గానీ నేల మీద మనం అంతగా వాడని కండరాలను లేపేది అదే. తర్వాత మెడ నుంచి మొదలుపెట్టి ఒక్కో కీలూ దిగుతూ వస్తాం. భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు, తుంటి, మోకాలు, చీలమండ. ఏ కీలు కదిపితే ఆ కీలు నీళ్ళలో ఉండాలి. భుజాల వంతు వచ్చినప్పుడు పొడుగువాళ్ళు మోకాళ్ళు వంచి దిగాల్సిందే. చేతి వేళ్ళ కసరత్తుకి ఎవరూ విలువివ్వరు. సీసా మూత తిప్పలేక, చీర కుచ్చిళ్ళు పట్టుకోలేక ఇబ్బంది పడేవాళ్ళకి దాని విలువ తెలుసు. ఫోమ్ డంబెల్స్ చూసి కొత్తవాళ్ళు నవ్వుతారు, దూదిలా తేలికగా ఉన్నాయని. వాటిని నీళ్ళ అడుక్కి నొక్కమంటాను. అక్కడితో నవ్వు ఆగిపోతుంది. నేల మీద బరువు ఎత్తడం కష్టం, ఇక్కడ దించడం కష్టం. అయితే కీళ్ళవాతంతో వేళ్ళు వాచినవాళ్ళకి వాటిని ఇవ్వను. గట్టిగా పట్టుకుంటే వేళ్ళ కణుపులే బాధపడతాయి. వాళ్ళకి ఉత్త చేతులు చాలు.

"అందర్నీ నీళ్ళలోకి దింపి నువ్వు గట్టు మీద నిలబడతావేం అమ్మాయ్?" అని పిన్నిగారు ఒకరోజు నిలదీసింది. నేను దిగితే నా కాళ్ళు వాళ్ళకి కనిపించవు. అయితే గట్టు మీద నుంచి చూపించడంలో కూడా ఒక తంటా ఉంది. గాలిలో నా చెయ్యి చురుగ్గా కదులుతుంది. వాళ్ళు అదే జోరు అందుకోబోతే నీళ్ళ అడ్డు ఒక్కసారిగా పెరిగిపోతుంది. అందుకని నేను కూడా నీళ్ళలో ఉన్నట్టే నెమ్మదిగా చేసి చూపించాలి. కాలెత్తి చూపించేటప్పుడు కుర్చీ పట్టుకుంటాను. ఆ ఉక్క గదిలో క్లాసు అయ్యేసరికి నీళ్ళలో ఉన్నవాళ్ళకంటే నేనే ఎక్కువ తడిసిపోతాను. వాళ్ళకీ చెమట పడుతుంది గానీ తెలియదు. అందుకే మంచినీళ్ళ సీసాలు గట్టు మీద పెట్టిస్తాను.

దిగిన పావుగంటకి అందరికీ ఒకే అవసరం మొదలవుతుంది. సిగ్గుపడి చెప్పరు. ఇది వయసు లోపం కాదు. నీళ్ళు ఒంటిని అన్ని వైపుల నుంచీ నొక్కుతాయి. లోతుకు పోయేకొద్దీ ఆ ఒత్తిడి పెరుగుతుంది. కాళ్ళలో నిలిచిన రక్తం ఛాతీ వైపు ఎక్కుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని శరీరం మూత్రపిండాలకు పని చెబుతుంది. సాయంత్రానికి చీలమండలు వాచేవాళ్ళకి ఆ నొక్కుడే మేలు చేస్తుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకీ, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళకీ మాత్రం అదే భారం కావచ్చు. గుండె డాక్టరు సరేననకుండా వాళ్ళని దింపను. జ్వరం, మానని పుండు, అదుపులో లేని మూర్ఛ, చర్మానికి అంటురోగం ఉంటే ఇంటికి పంపేస్తాను. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బున్న ఒకావిడ ఉత్సాహంగా వస్తే, మా వెచ్చటి పూల్ వద్దని పక్కనున్న చల్ల పూల్‌కి పంపాల్సి వచ్చింది. ఆ జబ్బులో ఒళ్ళు వేడెక్కితే కాళ్ళు మరింత పట్టు తప్పుతాయి. వెచ్చదనం అందరికీ మంచిదే అనుకోవడానికి లేదు.

నాకు బాగా భయమేసేది క్లాసు అయిపోయాక. ఇంతసేపు తేలిక పడ్డ శరీరం మెట్లెక్కుతుంటే ఒక్కో మెట్టుకీ బరువు తిరిగొస్తుంది. కాళ్ళను నొక్కిపట్టిన నీళ్ళు వదిలేయడంతో రక్తం మళ్ళీ కిందికి జారి తల తిరుగుతుంది. కింది మెట్ల మీద కమ్మీ పట్టుకుని ఒక నిమిషం నిలబడమంటాను. తొందరపడేది ఎప్పుడూ హుషారుగా చేసినవాళ్ళే. మెట్లు కూడా ఎక్కలేనివాళ్ళకి కుర్చీ లిఫ్ట్ ఉంది. వికలాంగుల హక్కుల చట్టం కింద 2010లో వచ్చిన నిబంధనల పుణ్యమా అని ఇక్కడి పబ్లిక్ పూల్స్‌కి లిఫ్టో, వాలుదారో తప్పనిసరి అయింది.

ఇక ఇంటికి వెళ్ళాక సంగతి. నీళ్ళలో నొప్పి తెలియక మొదటి వారం అందరూ అతి చేస్తారు. దానికి ఈ క్లాసుల్లో అందరూ పాటించే రెండు గంటల నియమం ఉంది. వ్యాయామం అయిన రెండు గంటల తర్వాత కూడా, రాకముందు ఉన్నదానికంటే నొప్పి ఎక్కువగా ఉంటే ఆరోజు ఎక్కువ చేసినట్టు లెక్క. మళ్ళీసారి తగ్గించాలి. మానెయ్యమని కాదు.

బట్టల గురించి చెప్పకపోతే ఈ వ్యాసం మగవాళ్ళకే అయిపోతుంది. మనవాళ్ళను ఆపేది మోకాళ్ళు కావు, స్విమ్ సూట్. నూలు పంజాబీ డ్రెస్ పూల్‌లో ఒప్పుకోరు. ఒప్పుకున్నా తడిసి బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది. లైక్రా బట్టతో మోకాళ్ళ కింది దాకా, మోచేతుల కింది దాకా కప్పే జతలు దొరుకుతాయి. పిన్నిగారు నల్లటిది కొనుక్కుని, మొదటి రోజు దాని మీద తువ్వాలు చుట్టుకుని మెట్ల దాకా వచ్చింది. కొరియా అమ్మమ్మ ఆ తువ్వాలు అందుకుని మడతపెట్టి గట్టు మీద పెట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. తర్వాత ఇద్దరూ ఎప్పుడూ పక్కపక్కనే. మంగళసూత్రం లోపలికి దోపి పిన్నీసు పెట్టుకుంటే చాలు. తలకి కొబ్బరినూనె రాసుకుని మాత్రం రావద్దని బతిమాలతాను, నీళ్ళ మీద తెట్టు కడుతుంది. బొట్టుబిళ్ళలు ఇంట్లోనే అద్దానికి అంటించి రండి, మా ఫిల్టర్లో నాకు చాలా దొరికాయి. కాళ్ళకి రబ్బరు అడుగున్న నీటి చెప్పులు ఉంటే జారరు.

దీనివల్ల నిజంగా ఎంత మేలు? 2016లో కాక్రేన్ సంస్థ మోకాలు, తుంటి అరుగుదల మీద జరిగిన 13 ప్రయోగాలను, అందులో పాల్గొన్న 1190 మందిని కలిపి లెక్కలు చూసింది. నొప్పి కాస్త తగ్గింది, పనులు చేసుకోవడం కాస్త సులువైంది, రోజులు కాస్త మెరుగ్గా గడిచాయి. లాభం చిన్నదే, కానీ ఉందని తేల్చింది. అది కూడా వ్యాయామాలు ముగిసిన కొత్తలో కొలిచిన లాభం. అరిగిన మృదులాస్థి తిరిగి మొలవదు. "ఆపరేషన్ తప్పింది" అనేవాళ్ళ మాట నేను ప్రచారం చెయ్యను. ఆపరేషన్ కావలసినవాళ్ళకి ఆపరేషనే కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. బరువు పడకపోవడమే నీళ్ళ సుగుణం కాబట్టి, ఎముకలకు కావలసిన బరువు కూడా అందదు. ఎముకలు గుల్లబారుతున్నవాళ్ళు వీలైనంత నేల మీద కూడా నడవాలి. నా క్లాసు నేల మీది నడకకు తయారుచేసేదే తప్ప దానికి బదులు కాదు.

పిన్నిగారి తిరుగు ప్రయాణం దగ్గరపడ్డాక అసలు సమస్య వచ్చింది. విజయవాడలో ఏం చెయ్యాలి? గాంధీనగర్‌లో సర్ విజ్జీ పేరుతో మునిసిపల్ పూల్ ఉంది. విశాఖలో బీచ్ రోడ్డులో ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది. ఇవన్నీ ఈతకోసం కట్టినవి, వేసవి వస్తే నేర్చుకునే పిల్లలతో కళకళలాడేవి. మన దగ్గర ఒక అనుకూలం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళను ఎవరూ వేడి చెయ్యనక్కర్లేదు. డిసెంబరు పొద్దుటి పూట మాత్రం దిగవద్దు. నది రేవుల్లో, చెరువుల్లో ఒంటరిగా ఈ ప్రయత్నం అసలే వద్దు. పాచి పట్టిన మెట్ల మీద జారితే తుంటి విరుగుతుంది. పూల్ వాళ్ళని అడగాల్సినవి నాలుగే: నీళ్ళ వేడి ఎంత, మూడున్నర అడుగుల లోతు ఎంత మేర ఉంది, లైఫ్‌గార్డ్ ఏ వేళల్లో ఉంటాడు, దిగడానికి మెట్లా నిచ్చెనా. నిటారుగా ఉండే స్టీలు నిచ్చెన నొప్పి మోకాళ్ళతో దిగలేరు, ఎక్కడం అంతకన్నా కష్టం. మొదటి కొన్నాళ్ళు తెలిసిన ఫిజియోథెరపిస్టును పక్కన పెట్టుకుంటే మరీ మంచిది.

వెళ్ళిన నెల తర్వాత ఆవిడ దగ్గర్నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. వాళ్ళ అపార్ట్‌మెంట్లోనే పూల్ ఉందట. పొద్దుటి నుంచీ సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చేదాకా ఖాళీగానే ఉంటుందట. లోతు సరిగ్గా ఉంది, నీళ్ళు బాగున్నాయి, దిగడానికి మాత్రం నిచ్చెన ఒక్కటే. మోకాళ్ళ నొప్పులున్న మరో ఆరుగురు ఆడవాళ్ళను పోగేసి అసోసియేషన్ మీటింగుకి వెళ్ళింది. కదిలించడానికి వీలైన మెట్లు, రెండు వైపులా కమ్మీలతో పెట్టించమని అడిగింది. సెక్రటరీగారు నవ్వి ఊరుకున్నారట. "మెయింటెనెన్స్ మేమూ కడుతున్నాంగా బాబూ" అని ఈవిడ అక్కడే కూర్చుందట. వచ్చే మీటింగుకి కొటేషన్ తెమ్మన్నారు. అలాంటి మెట్లు ఎక్కడ చేస్తారో, ఎంతవుతుందో కనుక్కొమ్మని నాకు పురమాయించింది. హైదరాబాద్‌లో పూల్ సామాన్లు అమ్మేవాళ్ళకి ఫోన్లు చేస్తున్నాను.